చుక్క తర్వాత అంకె

ఆసుపత్రి రికార్డు గదికి దిగడానికి పద్దెనిమిది మెట్లు. కావాలని లెక్కపెట్టలేదు, మెట్టుకో పోటు చొప్పున నా ఎడమకాలే లెక్కపెట్టింది. పోలీసు ఉద్యోగంలో ముప్ఫయ్యేళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరిగాను. రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని మళ్ళీ అదే తిరుగుడు. ఇంట్లో కూర్చోరా అని కాలు మొత్తుకుంటున్నా వినను. నా బుద్ధి అంతే.

అప్పుడు టైము పదకొండూ ఇరవై. సాయంత్రం అయిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇక్కడ పనిచేసే కోడరమ్మని అరెస్టు చేస్తానన్నాడు. అంటే నా చేతిలో అయిదు గంటల నలభై నిమిషాలున్నాయి, కాలేమో ఒకటే ఉంది.

నన్ను ఈ కేసులోకి దించింది కోడరమ్మ ఆడపడుచు. పొద్దున్న ఆరింటికే మా ఇంటి గుమ్మంలో నిలబడి, కాఫీ కూడా వద్దని, ఒకే మాట చెప్పింది.

"మా వదిన అబద్ధం రాయదండీ. ఇంట్లో నాతో దెబ్బలాడినా తేదీ, టైము చెప్పి మరీ దెబ్బలాడుతుంది. అలాంటి మనిషి దొంగరాత రాసిందంటే నేను నమ్మను."

ఆడపడుచు వచ్చి వదినకి సాక్ష్యం చెప్పడం నా సర్వీసులో మొదటిసారి చూశాను. అందుకే కేసు తీసుకున్నాను.

విషయం ఇదీ. ఒక బస్సు డ్రైవరుకి కుడి పాదంలో ఎముక చచ్చిపోయింది. రక్తం అందకపోతే ఎముక కూడా చస్తుందట, లోపల్లోపలే పుచ్చిన కర్రలా కుంగిపోతుందట. స్టెరాయిడ్ మందు ఎక్కువైనందువల్ల అలా అయిందని అతని ఫైల్లో ఉండేది. ఆ మాట ఉన్నంతకాలం ఫైలు తెరవగానే పైన ఎర్ర గీత కనబడేది, ఈ మనిషికి ఈ మందు ఇవ్వొద్దని. మూడు నెలల కిందట ఓ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండు నిమిషాలకి ఎవరో ఆ కారణం మార్చి, పాత దెబ్బ వల్ల అని పెట్టారు. ఎర్ర గీత పోయింది. తర్వాత వారం డ్రైవరు ఆయాసమని వస్తే, ఎర్ర గీత లేదు కదా అని డ్యూటీ డాక్టరు అదే మందు ఆరు వారాలు ఇచ్చాడు. ఇప్పుడు ఎడమ పాదం కూడా పోయింది. నలభై రెండేళ్ళ మనిషి చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. అతని భార్య పోలీసులకి ఫిర్యాదు చేసింది. మార్పు జరిగింది కోడరమ్మ కంప్యూటర్లో, కోడరమ్మ లాగిన్‌తో.

ఆసుపత్రిలో అందరూ ఆవిడని కోడరమ్మ అనే పిలుస్తారు. డాక్టర్లు ఫైల్లో రాసే జబ్బులకి అంకెలు, అంటే కోడ్‌లు, వేయడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ లేని గది. నేను లోపలికి అడుగు పెట్టగానే ఆవిడ నా మొహం చూడలేదు, కాలు చూసింది. చూసి, బల్ల కిందనుంచి ఓ చెక్క స్టూలు బయటికి లాగింది.

"కాలు దీనిమీద పెట్టుకోండి సార్."

"పర్లేదమ్మా."

"పెట్టుకోండి. బరువు ఆ కాలి మీద వేయొద్దు."

అరెస్టు కాబోతున్న మనిషి నా కాలు గురించి బెంగపడటం విడ్డూరంగా అనిపించింది. పెట్టుకోలేదు. ముందు పని కానిద్దామన్నాను.

"ఆ అంకె గొడవేమిటో నాకర్థమయ్యేలా చెప్పు. నేను లెక్కల్లో ఎప్పుడూ వెనకబెంచీయే."

ఆవిడ డ్రైవరు ఫైలు తెర మీద పెట్టింది. "ఎముక చచ్చిపోవడానికి ఎం ఎనభై ఏడు. తర్వాత చుక్క. చుక్క పక్క అంకె కారణం చెప్తుంది. ఒకటి అంటే మందు వల్ల. రెండు అంటే పాత దెబ్బ వల్ల. చివరి అంకె ఎక్కడో చెప్తుంది. నాలుగు కుడి పాదం, అయిదు ఎడమ పాదం."

"అంటే ఒకటిని రెండు చేశారు. అంతే కదా?"

"అంతే సార్. ఒక్క అంకె."

"ఆ ఒకటి మొదట వేసింది నువ్వేనా?"

"నేనే. అప్పుడున్న చిన్న డాక్టరు నోట్లో 'మందు వల్ల' అని రాసి సంతకం పెట్టాడు. ఆయన రాశాడు కాబట్టి నేను వేశాను. డాక్టరు రాయనిది మేం వేయకూడదు. స్కాను రిపోర్టులో కళ్ళకి కట్టినట్టు కనబడినా సరే, డాక్టరు నోటితో అనాలి, చేత్తో రాయాలి. అనుమానం వస్తే అడుగుతూ చీటీ పంపుతాం. అడిగే హక్కే మాది. చెప్పే హక్కు కాదు."

ఆ చివరి మాట అంటూ మళ్ళీ నా కాలు వంక చూసింది.

తెర మీద డ్రైవరు పేజీలో రెండు వరుసలున్నాయి. మొదటిదాంట్లో మార్చిన అంకె. రెండోది ఏమిటని అడిగాను.

"మందు వల్ల అని మొదటి వరుసలో వేస్తే, ఏ మందో రెండో వరుసలో చెప్పి తీరాలి. అవి జోడెడ్లు సార్. ఒకదాన్ని విప్పితే రెండోదాన్నీ విప్పాలి. ఎర్ర గీత మాత్రం మొదటి వరుస చూసే వస్తుంది."

"మరి ఇక్కడ మొదటిది విప్పి రెండోదాన్ని కాడికే వదిలేశారు. పాత దెబ్బ అని ఒక వరుస, స్టెరాయిడ్ అని దాని కింద ఇంకో వరుస."

"పని నేర్చుకోవడానికి చేరినవాళ్ళు కూడా మొదటి వారంలోనే ఆ తప్పు మానేస్తారు," అంది ఆవిడ. గొంతులో మొదటిసారి కాస్త రోషం వినిపించింది. తనని దొంగ అన్నందుకు రాని రోషం, పని రాదన్నందుకు వచ్చింది.

ఏ మార్పు చేసినా ఎందుకు చేశారో ఒక గడిలో రాయాలట. ఆవిడ పాత మార్పులు ఓ పాతిక చూశాను. అన్నిట్లోనూ ఒకటే పద్ధతి: డాక్టర్ నోటు, పేజీ ఇంత, తేదీ ఇంత. డ్రైవరు గడిలో మాత్రం పేజీ లేదు, తేదీ లేదు. నాలుగు మాటలున్నాయి. 'చిన్నప్పుడు పడ్డ దెబ్బ ఇది.'

ఆ నాలుగు మాటలూ ఎక్కడో విన్నట్టే అనిపించింది. కాలు సలపరం పెట్టి ఆలోచన తెగిపోయింది.

"ఈ గడి పైన డాక్టర్లకి కనబడుతుందా?"

"కనబడదు. మాకే."

"ఆ రోజు ఒంటిగంటా పన్నెండుకి నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. సీట్లోనే. పోలీసులకీ అదే చెప్పాను."

నేను ఆ రోజు జాబితా పైనుంచి కిందికి చదివాను. ఆవిడ చెయ్యి నిదానమూ కాదు, తొందరా కాదు. మూడు నిమిషాలకో ఫైలు, పొద్దున్నుంచీ గడియారంలాగే. ఒంటిగంటా నాలుగుకి ఒకటి. తర్వాతది ఒంటిగంటా ఇరవై నాలుగుకి. మధ్యలో ఈ ఒక్క మార్పే.

"ఇరవై నిమిషాలు సీట్లో కూర్చుని ఒక్క అంకె మార్చావా?"

ఆవిడ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది.  అబద్ధం అలవాటు లేనివాళ్ళు ఇరుక్కుంటే ఇలాగే తుడుచుకుంటారు, కళ్ళజోడో, బల్లో, ఏదో ఒకటి.

ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. అప్పట్లో నా సైకిలు తుడిచేవాడు, ఇప్పుడు నా పరువు తుడిచిపెడుతుంటాడు.

"ఏం గురువుగారూ, ఇంకా ఓపికుందా? కుంటుకుంటూ కూడా వచ్చారే."

"అయిదింటికి వస్తానన్నావు. టైము చూడటం కూడా మర్చిపోయావా?"

"ఈలోగా సాక్ష్యాలు తారుమారు కాకుండా చూసుకోవాలి కదా. ఆవిడ లాగిన్, ఆవిడ కంప్యూటరు, సీట్లోనే ఉన్నానని ఆవిడే సంతకం పెట్టింది. ఇంకేం కావాలి మీకు? ఆకాశం నుంచి ఎవరైనా దిగి చెప్పాలా?"

"ఆవిడకి ఏం లాభం?"

"అది కోర్టులో చెప్తుంది. మీ రోజుల్లో లాభం వెతుక్కుంటూ చెప్పులు అరగదీసుకునేవారు. ఇప్పుడు మిషను చెప్తుంది."

"మిషను వేలు ఎవరిదో చెప్పదురా. వేలు నొక్కిందని చెప్తుంది."

వాడు నవ్వి, ఆవిడ వైపు తిరిగి, ఇంట్లో చెప్పాల్సినవాళ్ళకి చెప్పుకొమ్మన్నాడు. ఆవిడ తల ఊపింది. పై మెట్టు మీద కూర్చున్న ఆడపడుచు మాత్రం ఊరుకోలేదు.

"చెప్పాల్సినవాళ్ళం వచ్చే కూర్చున్నాం బాబూ. నువ్వు చెప్పేదేదో సరిగ్గా చెప్పు," అంది.

నేను గడియారం చూసుకుని లేచాను. రికార్డు గది నుంచి, డ్రైవరు పాదానికి మొదట వైద్యం చేసిన ఎముకల డాక్టరు గది మూడో అంతస్తు. మామూలు మనిషికి మూడు నిమిషాలు, నాకు తొమ్మిది పట్టింది. రెండు చోట్ల గోడ పట్టుకుని నిలబడ్డాను. డాక్టరు గదికి రెండు తలుపులు. ఒకటి రోగులు కూర్చునే వరండాలోకి. రెండోది వెనకమెట్లకి. ఆ వెనకమెట్లు దిగితే సరిగ్గా రికార్డు గది పక్కన తేలతాం. నర్సుని దించి ఎక్కించి చూశాను, దిగడానికి రెండు నిమిషాలు.

వరండాలో పదిమంది పైనే ఉన్నారు. అందరూ పాదాలు చాపుకుని కూర్చున్నారు. ఈయనకి పెద్ద పేరు. రెండు రోజుల్లో నడిపిస్తాడని పక్క ఊళ్ళనుంచి కూడా వస్తారు. నేనూ ఆ పేరు వినే వచ్చాను, మూడు నెలల కిందట.

"మీరా," అన్నాడు డాక్టరు నన్ను చూసి, చల్లగా నవ్వుతూ. "సూది నాలుగింటికి కదా. అప్పుడే వచ్చేశారేం? నొప్పి ఆగడంలేదా?"

"నొప్పి సంగతి తర్వాత. డ్రైవరు సంగతి అడగడానికి వచ్చాను."

నవ్వు అలాగే ఉంది గానీ కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. "ఆ కోడరమ్మ గొడవా. పాపం, పొరపాటు చేసింది. మంచిదే మనిషి."

"ఆవిడ మిమ్మల్ని అంకె గురించి అడిగిందా?"

"చీటీలు పంపుతూనే ఉంటుంది. వందమంది రోగుల్ని చూసుకోనా, ఆవిడ చీటీలు చదువుకోనా?"

"ఆ మంగళవారం ఒంటిగంటకి మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఒకటి నుంచి రెండు దాకా తలుపేసుకుని కాసేపు నడుం వాలుస్తాను. ఎవర్నీ పిలవలేదు, ఎవరూ రాలేదు."

పిలిచారా అని నేను అడగలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

"డ్రైవరుకి ఎముక ఎందుకు చచ్చిందంటారు?"

"చిన్నప్పుడు పడ్డ దెబ్బ ఇది," అన్నాడు తడుముకోకుండా. "పాత దెబ్బలు అలాగే పగబడతాయి."

నేను పుస్తకంలో రాసుకున్నట్టు నటించాను. డ్రైవరు ఫైలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇందాకే చదివాను. అందులో చిన్నప్పటి దెబ్బ అన్నది ఎక్కడా లేదు. ఆ మాటలున్నది ఒకే ఒక్క చోట. కింద, కోడరమ్మ కంప్యూటర్లో, డాక్టర్లకి కనబడని గడిలో.

లేవబోతుంటే మోకాలు దగ్గరనుంచి కింది దాకా ఒకటే పోటు. బల్ల అంచు పట్టుకున్నాను. డాక్టరు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. పక్కన ట్రేలో సూది సిద్ధంగానే ఉంది.

"నాలుగింటిదాకా ఎందుకు, ఇప్పుడే వేసేస్తాను. రెండు నిమిషాలు. హాయిగా మెట్లు దిగుతారు."

నిజం చెప్పాలంటే, కూర్చోబోయాను. అలిసిపోయిన మనిషికి హాయి అన్న మాట చాలు. అందులో ఏముందని ఒక మాట అడుగుదామనుకున్నాను, అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. జవాబు వినే ఓపిక లేక.

"పనుంది డాక్టరుగారూ. నాలుగింటికే వస్తాను," అన్నాను.

ఫోన్ ఎక్స్చేంజి గది కింది అంతస్తులో ఉంది. ఆపరేటరు నా వయసు మనిషే, చెవిలో దూది పెట్టుకుని కూర్చున్నాడు. లోపలి ఫోన్ల చిట్టా తొంభై రోజులు ఉంచుతారట. ఆ మంగళవారం గడిచి సరిగ్గా ఎనభై తొమ్మిది రోజులు.

"రేపటికి చెరిగిపోయేదండీ," అన్నాడు ఆయన కాగితం చేతికిస్తూ. "ఇన్నాళ్ళూ ఒక్క పోలీసూ ఇటు తొంగి చూడలేదు."

మూడో అంతస్తు, ఎముకల డాక్టరు గది నుంచి రికార్డు గదికి. ఒంటిగంటా అయిదు. నలభై సెకన్లు.

మళ్ళీ పద్దెనిమిది మెట్లు. ఈసారి కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి దిగాను. ఇన్‌స్పెక్టర్ ఇంకా అక్కడే కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. నేను కాగితం కోడరమ్మ ముందు పెట్టాను.

"ఒంటిగంటా అయిదుకి నీకు ఫోనొచ్చింది. ఆయనేం చెప్పాడు?"

ఆవిడ కాగితం చదివింది. తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేసింది. ఈసారి తుడవలేదు.

"పైకి రా, రాసిస్తానన్నాడు సార్. రెండు వారాలుగా అంకె మార్చమని అడుగుతున్నాడు. మీ చేత్తో రాసి సంతకం పెట్టండి, మారుస్తానన్నాను. ఆయన రాయడు. రాస్తే రేపు సంతకం పట్టుకుంటారని తెలుసు. అలాంటిది రాసిస్తానని తనే పిలిచాడు. పరిగెత్తాను. తెర మూయలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆ ఒక్కరోజే మూయలేదు."

"తలుపు తీశాడా?"

"కొట్టి కొట్టి బయట నిలబడ్డాను. లోపల అలికిడి లేదు."

"మరి సీట్లోనే ఉన్నానని ఎందుకు చెప్పావమ్మా?"

"తెర తెరిచి సీటు వదిలితే ఆ రోజే ఉద్యోగం తీసేస్తారు. మొదట ఉద్యోగానికి భయపడ్డాను. తర్వాత పోలీసులు వచ్చారు. అప్పటికి ఒకసారి చెప్పేశాను, మాట మారిస్తే అసలే నమ్మరనుకున్నాను." కీబోర్డు పక్కకి నెట్టేసింది. "ఆ డ్రైవరు కాళ్ళు నా వల్లే పోయాయి సార్. అంకె నేను మార్చకపోవచ్చు. తెర తెరిచిపెట్టింది నేనే. అది తెలిసినప్పటినుంచీ నాకు నిద్ర లేదు."

మెట్ల మీదనుంచి ఆడపడుచు లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.  చెయ్యి పట్టుకుంది.

"కథలు బాగున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కానీ కాలు మీద కాలు తీసేశాడు. "పైన నిలబడిందనడానికి సాక్ష్యం?"

కోడరమ్మ సొరుగు తాళం తీసి ఓ అట్ట పుస్తకం బయటపెట్టింది. డాక్టర్లకి పంపిన ప్రతి చీటీ అందులో ఉంది. ఎప్పుడు పంపింది, ఎక్కడ ఇచ్చింది, ఏం జవాబొచ్చింది. ఆ మంగళవారం వరుస నేను చదివాను. '1:08, మూడో అంతస్తు, తలుపు బయట. జవాబు లేదు. వరండాలో నర్సు చూసింది. 1:20 వెనక్కి.' తేదీ, టైము. ఆడపడుచు చెప్పిందే.

నేను రెండో వరుస సంగతి, గడిలోని నాలుగు మాటల సంగతి, ఆ నాలుగే డాక్టరు నోట రావడం, అడగకుండానే ఎవర్నీ పిలవలేదనడం, అన్నీ చెప్పాను. ఇన్‌స్పెక్టర్ ఎక్స్చేంజి కాగితం రెండుసార్లు చదివాడు. వాడు మొండివాడే గానీ మూర్ఖుడు కాదు, నేను నేర్పిన పని కొంత మిగిలింది.

"ఒక్క డ్రైవరు కోసం ఇంత పని చేస్తాడా గురువుగారూ?"

"ఒక్కడే అని ఎవరన్నారు?" అంది కోడరమ్మ మెల్లగా.

అట్ట పుస్తకం చివరి పేజీ తిప్పింది. పద్నాలుగు ఫైలు నంబర్లు. పేర్లు లేవు, పేర్లు రాయకూడదట. పద్నాలుగూ ఆ డాక్టరు రోగులవే. అందరివీ పాదాలే. స్కానులో ఎముక చచ్చినట్టుంది, కారణమేమిటో దయచేసి రాయగలరని పద్నాలుగు చీటీలు. పద్నాలుగింటికీ జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి అంకె లేదు. అంకె లేదు కాబట్టి ఎర్ర గీత లేదు. ఆయన స్టెరాయిడ్ సూదులు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"ఈ పద్నాలుగుమందికీ తెలుసా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"డాక్టరు చెప్తేనే తెలుస్తుంది. ఆసుపత్రి పెద్దలకి రెండుసార్లు ఉత్తరం పెట్టాను. ఆయన పేరున్న డాక్టరు, నీ అంకెలు నువ్వు చూసుకో అన్నారు."

వాడు పుస్తకం తీసుకుని నంబర్లు పైకి చదువుతూ రాసుకోసాగాడు. నేను ఆవిడ బల్ల పక్క కుర్చీలో కూలబడి వింటున్నాను. కేసు అయిపోయిందనీ, ఇంటికెళ్ళి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవాలనీ మాత్రమే అనుకుంటున్నాను.

"పదకొండోది. నలభై వేల ఏడువందల పద్దెనిమిది. ఎడమ పాదం."

కోడరమ్మ తల దించుకుంది. ఆవిడ పాదం స్టూలుని నా వైపు ఇంకాస్త నెట్టింది.

నాకు వెంటనే తెలియలేదు. వయసు వల్ల అనుకోండి, అలసట వల్ల అనుకోండి. జేబులో ఆసుపత్రి కార్డు ఉంది, నాలుగింటి సూది కోసం పొద్దున్నే పెట్టుకున్నది. తీసి చూశాను. నలభై వేల ఏడువందల పద్దెనిమిది.

"నువ్వు నాకు చెప్పాల్సిందమ్మా," అన్నాను.

"చెప్పకూడదు సార్." కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. "మా ఆడపడుచు మీ పేరు చెప్పింది, మీరు మెట్లు దిగుతుంటేనే ఆ ఫైలు మీదేనని గుర్తుపట్టాను. కూర్చోమనడం తప్ప నేనేం చేయగలను?"

"నా ఫైలు నేను అడిగితే?"

"కార్డు చూపిస్తే ఇవ్వొచ్చు."

కార్డు బల్లమీద పెట్టాను. తెర మీద నా ఫైలు తెరుచుకుంది. చీటీ పంపి అరవై ఆరు రోజులు. చీటీ తర్వాత రెండు సూదులు. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న జవాబు గడి ఇప్పుడు ఖాళీగా లేదు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి నిండింది. నేను ఆ గది నుంచి బయటికొచ్చిన అయిదు నిమిషాలకి.

మొదటిసారి నన్ను చూసిన రోజు ఆయన ఒక్కటే ప్రశ్న అడిగాడు, చిన్నప్పుడు ఎప్పుడైనా పడ్డారా అని. పడనివాడెవడు? ఏడేళ్ళప్పుడు గోడ దూకి పడ్డానని నవ్వుతూ చెప్పాను. వరండాలో కూర్చున్నవాళ్ళందర్నీ అదే అడిగి ఉంటాడు, అందరూ నవ్వుతూ చెప్పే ఉంటారు.

తెర మీద ఆ రోజు ఆయనన్న నాలుగు మాటలే ఉన్నాయి. 'చిన్నప్పుడు పడ్డ దెబ్బ ఇది.'

ఇన్‌స్పెక్టర్ నా భుజం మీదుగా చదివాడు. టోపీ పెట్టుకుని, వరండాలో ఉన్నవాళ్ళెవరికీ సూది పడకుండా ఆపడానికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పరిగెత్తాడు. నేనూ వెళ్ళాల్సిందే, ముందుండాల్సింది నేనే. లేవలేకపోయాను.

కోడరమ్మ ఇంకోసారి చెప్పలేదు. నేనే ఎడమకాలు రెండు చేతులతో ఎత్తి స్టూలు మీద పెట్టుకున్నాను.